తలుపు దగ్గర చీపురు

(ఒక పాత ఎస్టేటులో జరిగిన ఫోటోగ్రఫీ పోటీ ముగింపు సభలో న్యాయనిర్ణేతల్లో ఒకరు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫోటోగ్రాఫర్లతో ఎప్పుడూ ఇదే గొడవ. ఎక్కడికెళ్లినా ముందు వెనక్కి జరుగుతారు. ఫ్రేములో అంతా పట్టాలి కదా మరి!

బహుమతులు ఇచ్చేశాం. ఇప్పుడు గెలిచినవాళ్లు సంతోషంలో వినరు, గెలవనివాళ్లు కోపంలో వినరు. ఈ రెండిటికీ మధ్యన ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి దిగిపోతాను.

ఇందాక నేను లోపలికి వస్తుంటే వరండాలో ఇద్దరు కుర్రాళ్లు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడలేదు. ఒకతను అంటున్నాడు, "ఇంత పెద్ద మేడ ఎదురుగా పెట్టుకుని, ఆ ఇరుకు మెట్ల ఫోటోకా ఫస్ట్ ప్రైజు?" అని. బాబూ, నువ్వు ఇక్కడే ఎక్కడో ఉన్నావు. చెయ్యెత్తక్కర్లేదులే. మంచి ప్రశ్న అడిగావు. నేను రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఇవాళ నీ ప్రశ్నకే జవాబు చెబుతాను.

ఆ ఫోటో చూడనివాళ్లకి ముందు అదేమిటో చెప్పాలి. మేడ వెనక, వంటశాల పక్కనుంచి పై అంతస్తుకి పనివాళ్లు ఎక్కే మెట్లు ఉన్నాయి. ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. రాతి మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. పైన ఒక చిన్న వెంటిలేటరు. అందులోంచి దిగిన ఎండ ఎడమ గోడ మీద పడింది. ఆ గోడ సున్నం మీద పొడుగునా నల్లగా, నున్నగా ఒక చార. తరతరాలుగా చేతులు ఆనించుకుంటూ ఎక్కిన గుర్తు అనుకున్నాం మేమంతా. ఫోటోలో ఉన్నది అంతే. మనిషి లేడు, ఆకాశం లేదు, మేడ ఎంత పెద్దదో తెలీదు.

ఇక మిగతా ఫోటోల సంగతి. మా దగ్గరికి వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే ఫోటో. అవునా కాదా? మీరే చెప్పండి. కొలను అవతలి గట్టు మీద నిలబడతాం. సూర్యుడు దిగిపోయాక ఆకాశం నీలంగా మారేదాకా ఆగుతాం. మేడ ముఖం, నీళ్లలో దాని నీడ, పైన ఒక మబ్బు. ఒకరు కుడికి రెండడుగులు, ఒకరు ఎడమకి రెండడుగులు. మొదటి నాలుగు చూసినప్పుడు "ఆహా" అన్నాం. తర్వాత లెక్కపెట్టడం మానేశాం. నిన్న ఆ గట్టు మీదకి వెళ్లి చూశాను. మీరందరూ నిలబడ్డ చోట గడ్డి చచ్చిపోయి నేల బయటపడింది. అదొక్కటే నాకు అక్కడ కొత్తగా కనిపించిన విషయం, దాన్ని మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు!

నేను వెక్కిరించడం లేదు. ఆ ఫోటోల్లో తప్పు లేదు. లైటింగు బాగుంది, ఫోకస్ బాగుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆ మేడకి తన ముఖం ఎలా చూపించుకోవాలో కట్టిన రోజే తెలుసు. కట్టినాయన ఆ కొలను తవ్వించిందే అందుకు. ఆయన ఎక్కడ నిలబడి చూడమన్నాడో అక్కడే నిలబడి, ఆయన చూడమన్నదే మీరు చూశారు. మరి మీరు చూసింది ఏదీ?

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను. ఇంగ్లండులో విల్ట్‌షైర్ అనే ప్రాంతంలో లేకాక్ ఆబీ అని ఒక ఎస్టేటు ఉంది. 13వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసినుల మఠంగా మొదలై, తర్వాత జమీందారీ భవనమైంది. 19వ శతాబ్దంలో దాని యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. ఈ పేరు మీలో చాలామందికి తెలుసు. కాగితం మీద నెగెటివ్ తీసి, దాన్నుంచి ఎన్ని ప్రింట్లైనా వేసుకునే పద్ధతి కనిపెట్టింది ఆయనే. ఆయనకి బొమ్మలు గీయడం రాదు. 1833లో ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున కూర్చుని గీయబోయి, చేతకాక విసిగిపోయి, ఈ దృశ్యం తనంతట తానే కాగితం మీద పడిపోతే ఎంత బాగుండు అనుకున్నాడట. బొమ్మలు గీయడం రానివాళ్లందరికీ ఆయన ఆదిగురువు. నాతో సహా.

ఇంటికొచ్చి చిన్న చిన్న చెక్కపెట్టెలు చేయించి, లోపల వెలుతురుకి నల్లబడే మందు పూసిన కాగితం పెట్టి, ఎస్టేటులో అక్కడా ఇక్కడా ఉంచేవాడు. ఆయన భార్య కాన్‌స్టన్స్ వాటిని ఎలుకబోనులు అనేది. 1835 ఆగస్టులో ఆ ఇంట్లోనే ఒక జాలీ కిటికీని అలా పట్టాడు. తపాలా బిళ్లకంటే కాస్త పెద్దది, అంతే. ఇప్పటికీ నిలిచి ఉన్న నెగెటివ్‌లలో అన్నిటికన్నా పాతది అదే. కొత్తగా ఉన్నప్పుడు భూతద్దం పెట్టి చూస్తే ఆ కిటికీలో గాజు పలకలు రెండొందల దాకా లెక్కపెట్టవచ్చని పక్కనే రాసుకున్నాడు. తర్వాత ఆ ఇంటి గురించి ఒక మాట అన్నాడు. తన బొమ్మ తానే గీసుకున్న మొట్టమొదటి భవనం ఇదేనని నా నమ్మకం, అని. ఎంత మాట! అంటే ఎస్టేటుకీ ఫోటోకీ చుట్టరికం మన పోటీతో మొదలైంది కాదు. కాగితం నెగెటివ్ పుట్టిల్లే ఒక ఎస్టేటు.

సరే, ఆ టాల్బట్ తన ఎస్టేటులో తీసిన వాటిలో జనానికి బాగా గుర్తుండిపోయిన ఫోటో ఏది? మేడ ముందు భాగమా? కాదు. 1844లో తీసిన "తెరిచిన తలుపు". అది ఒక గుర్రపుశాల తలుపు. సగం తెరిచి ఉంది. గుమ్మం దగ్గర పుల్లల చీపురు ఏటవాలుగా ఆనించి ఉంది. ఒక పక్క లాంతరు, ఒక పక్క గుర్రం కళ్లెం. లోపల చీకటి. అంతకుముందు ఇలాంటిదే ఒకటి తీస్తే వాళ్లమ్మగారు చూసి దానికి "చీపురు స్వగతం" అని పేరు పెట్టింది. వాళ్లమ్మగారికి మంచి హాస్యం ఉందండీ. ఆ పేరు వింటే ఆ ఫోటో ఇంక మర్చిపోలేం.

చూశారా? ఎస్టేటు మొత్తం ఆయనదే. ఎక్కడ నిలబడొద్దని ఎవరూ అనరు. టిక్కెట్టు లేదు, సమయం అయిపోయిందని ఈల వేసే కాపలా మనిషి లేడు. అంత స్వేచ్ఛ ఉన్న మనిషి వెళ్లి చీపురు ముందు కూర్చున్నాడు. అది అనుకోకుండా తీసింది కూడా కాదు, ఒకటికి నాలుగుసార్లు మార్చి మార్చి తీశాడు. చీపురు నీడ ఎటు పడాలో కావాలని చూసుకున్నాడు.

ఆయన ఒక్కడే అయితే పోనీ ఒకాయన వెర్రి అనుకోవచ్చు. 1896లో ఫ్రెడరిక్ ఎవాన్స్ అనే ఆయన కవి, డిజైనరు విలియం మోరిస్ ఉండే కెల్మ్‌స్కాట్ మేనర్ అనే పాత ఇంటికి ఫోటోలు తీయడానికి వెళ్లాడు. ఆ ఇంటి ఫోటోల్లో ఇవాళ అందరూ వెతుక్కుని చూసేవి అటకవి. అటక! వాసాలు, దూలాలు, ఆ కొసన కాస్త వెలుతురు. ఇంకొకాయన అజే, పారిస్ నగరాన్ని ముప్పై ఏళ్లు తీసిన మనిషి. 1925లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, బరువైన కెమెరా, ఫిల్ముకి బదులు వాడే గాజు పలకలు మోసుకుంటూ సో అనే ఊళ్లోని పాత ఎస్టేటుకి మార్చి నుంచి జూన్ దాకా వెళ్తూ వచ్చాడు. పదిహేడో శతాబ్దంలో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బెర్ వైభోగంగా వేయించిన తోట అది. అజే వెళ్లేనాటికి పాడుబడి ఉంది. విగ్రహాలకి నాచు పట్టింది, కొలనులో ఎండుటాకులు కుళ్లుతున్నాయి. అదే తీశాడు. కొన్నిటి మీద పొద్దున ఏడు గంటలు అని సమయం కూడా వేశాడు. తర్వాత ఆ తోటని బాగుచేశారు. బాగుచేయక ముందు అది ఎలా ఉండేదో ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే ఈ ముసలాయన పొద్దున్నే లేవడం వల్ల.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏడేళ్ల వయసులో ఇలాంటి పోటీకే ఒక పాత భవంతిని తీశాను. ముఖద్వారం పక్కన ఒక నిచ్చెన వేసి ఉంది, మీద ఒక మేస్త్రి. నాకు ఫ్రేము పాడవుతోంది. ఆయన్ని బతిమాలి దింపాను, నిచ్చెన తీయించాను. ఎడమ చివర కూలిపోతున్న చెక్క బాల్కనీ ఒకటి ఉంటే, అసహ్యంగా ఉందని దాన్ని క్రాప్ చేసేశాను. ప్రైజు వచ్చింది. ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను కూడా.

పదేళ్ల తర్వాత ఆ భవంతిని మరమ్మతు చేస్తున్న ఇంజినీరు ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి బాల్కనీ పడిపోయింది. "అయ్యా, దాని చెక్కడం ఎలా ఉండేదో తెలిస్తే అలాగే చేయిద్దామని. ఆ రోజుల్లో మీరు తీశారని విన్నాం" అన్నాడు. నేను ప్రైజు ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "చాలా బాగుందండీ" అన్నాడు. ఆ "బాగుందండీ"లో ఉన్న నిరాశ ఇప్పటికీ నా చెవిలో ఉంది. నెగెటివ్‌లన్నీ తిరగేశాం. ఒక్కదాంట్లో, అదీ ఎక్స్‌పోజర్ చూసుకోవడానికి కొట్టి పక్కన పారేసిన దాంట్లో, సగం బాల్కనీ, సగం మేస్త్రి ఉన్నారు. ఆ పారేసిన ముక్కే ఆయనకి పనికొచ్చింది.

టాల్బట్ ఈ సంగతి ముందే చెప్పాడండీ. 1844 నుంచి విడతలుగా ఫోటోలు అంటించి ఒక పుస్తకం వేశాడు. అందులో ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఒకదాని ఫోటో పక్కన రాశాడు. ఫోటో తీసినవాడు అప్పుడు గమనించని వస్తువులు, తర్వాతెప్పుడో తీరిగ్గా చూసుకుంటే అందులో బయటపడతాయట. గోడ మీద అక్షరాలు, తేదీలు, దేనికీ సంబంధం లేని ప్రకటన కాగితాలు. ఒక్కోసారి దూరాన ఒక గడియారం ముఖం కనిపిస్తుంది, దాని మీద ఆ ఫోటో ఏ వేళకి తీశారో దానంతట అదే నమోదై ఉంటుంది, అన్నాడు. ఇందులో ఎంత ఉందో చూడండి. మీరు పెట్టింది కాదు, మీరు తీసేయనిది ఆ ఫోటోలో మిగిలింది.

ఇప్పుడు మీ ఫోన్‌లో వేలితో రుద్దితే కరెంటు తీగ మాయం, కాపలా మనిషి మాయం, గోడ పగులు మాయం. మాయమైన చోట కంప్యూటరు కొత్త గోడ అల్లుతుంది. ఎప్పుడూ లేని గోడ! మన పోటీ నియమాల్లో, ఫ్రేములో ఉన్నది తీసేయకూడదు, లేనిది చేర్చకూడదు అని రాశాం. చివరి వడపోతకి మిగిలినవాళ్లని రా ఫైలు, అంటే ఏ మార్పూ చేయకముందు కెమెరా దాచిన అసలు ఫైలు, అడిగాం. ఇద్దరు పంపలేదు. ఒకరు పంపారు, తెరిచి చూస్తే ఫోటోలో ఉన్న మబ్బు అందులో లేదు. పేర్లు చెప్పను, కంగారు పడకండి. 2023లో సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ అవార్డుల్లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు కంప్యూటరు పుట్టించిన బొమ్మని పంపి, గెలిచి, ఇది ఫోటో కాదు, బహుమతి వద్దు అని తనే చెప్పాడు. అక్కడి న్యాయనిర్ణేతలకే తెలీలేదంటే మాకెంత తెలుస్తుంది? అందుకే రా ఫైలు అడిగాం. అనుమానించామని నొచ్చుకోకండి.

ఎవరో నవ్వుతున్నారు, ఒక తీగ తీసేస్తే కొంప మునుగుతుందా అని. ఒక కొంప సంగతి చెబుతాను. బ్రెజిల్‌లో రియో డి జనీరోలో ఒక రాజభవనం ఉంది. ముందు పోర్చుగల్ రాజులు, తర్వాత బ్రెజిల్ చక్రవర్తులు ఉన్న ఎస్టేటు అది. తర్వాత జాతీయ మ్యూజియం అయింది. 2018 సెప్టెంబరు 2 రాత్రి అది తగలబడింది. రెండు కోట్ల దాకా వస్తువులున్న చోట చాలా వరకు బూడిదే మిగిలింది. తెల్లారేసరికి అక్కడి యూనిరియో విశ్వవిద్యాలయంలో మ్యూజియం పనులు చదువుకునే విద్యార్థులు ఒక విన్నపం చేశారు. మీరెప్పుడైనా లోపలికి వెళ్లి ఉంటే, మీ దగ్గరున్న ఫోటోలు పంపండి, సెల్ఫీలైనా సరే, అని. వేల ఫోటోలు వచ్చాయి. మరుసటి ఏడాది జపాన్‌లో ఒకినావాలోని షురి కోట కాలిపోయినప్పుడు కూడా ఇంతే. సందర్శకులు తీసుకున్న ఫోటోలన్నీ పోగేసి, వాటినుంచి కోట రూపాన్ని కంప్యూటర్‌లో మళ్లీ నిలబెట్టే పని మొదలుపెట్టారు. ఒక్కటి ఆలోచించండి. ఆ సెల్ఫీల్లో అందరికీ కావలసింది ఏమిటి? మొహాలు కాదు కదా. మొహాల వెనకాల పొరపాటున పడ్డది.

కాబట్టి నేను చెప్పేది ఫ్రేము శుభ్రం చేయకండి అని. ఊడ్చేసి తీయకండి. చీపురుని కూడా ఉండనివ్వండి.

అలాగని ఎలా పడితే అలా తీయమనడం లేదు. ఈ మాట అనకపోతే వచ్చే ఏడు నాకు వంకర ఫోటోలు పంపి, సారే చెప్పారంటారు. ఎత్తయిన కట్టడాన్ని తీసేటప్పుడు కెమెరా పైకెత్తితే గోడలు పైన దగ్గరికొచ్చి, మేడ వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. ఈసారి ఇది చాలా ఎక్కువ. కెమెరాలో బొమ్మ పడే పలక, అదే సెన్సరు, గోడకి సమాంతరంగా నిటారుగా ఉండాలి, అంతే కిటుకు. ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కి సగం ఎత్తునుంచి తీయండి. కుదరకపోతే వెనక్కి జరిగి, కింద నేల ఎక్కువగా వచ్చినా సరే, కెమెరా నిటారుగా పెట్టి తీసి తర్వాత నేల కత్తిరించండి. సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తాం అంటారా, చేయండి, కానీ అది పక్కల్ని కొంత తినేస్తుంది, చుట్టూ చోటు వదిలి తీయండి. ఫోన్‌లో 0.5 అని ఉండే, మరీ వెడల్పుగా తీసే ఆ అర లెన్సు ఉందే, దాంతో మూలనున్న స్తంభం లావెక్కుతుంది. ఆ స్తంభం చెక్కినవాడు చూస్తే ఏడుస్తాడు.

మన లాలా దీన్ దయాళ్‌ని చూడండి. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరు, ముసవ్విర్ జంగ్ అని బిరుదు. హైదరాబాదు ప్యాలెస్‌లు ఆయన తీసినవి చూస్తే ప్రతి స్తంభం గుండు కట్టి చూసినట్టు నిటారుగా ఉంటుంది. ఎందుకుండదు? ఆయన రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్‌లో పనిచేసిన మనిషి. గోడ వంకరగా ఉంటే ఆయనకి నిద్రపట్టేది కాదేమో, అది నా ఊహ. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో వెనక గాజు పలక కదలకుండా ముందున్న లెన్సుని మాత్రం పైకి జరిపే వీలుండేది. ఇవాళ అదే పనికి షిఫ్ట్ లెన్సులు చాలా ఖరీదు. మెట్లెక్కడం ఉచితం.

ట్రైపాడ్ మాట ఒకటి. నిన్న దర్బారు హాల్లో నేల మీద కొత్త గీతలు చూశాను. కాళ్లకి రబ్బరు తొడుగులు వేసుకోండమ్మా. మనం తీసేది ఏ నేలనో, దాన్నే గీసేస్తే ఎలా?

ఇక మెట్ల ఫోటో. బాబూ, నీ జవాబుకి వచ్చాను. మా ముగ్గురికీ దాని మీద పెద్ద వాదనే అయింది. మాలో ఒకావిడ కొలను ఫోటోల్లో ఒకదానికే ఇవ్వాలన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఎస్టేటు మీద పోటీ పెట్టి, ఎస్టేటు కనిపించని ఫోటోకి ఇస్తే ఏం బాగుంటుంది అన్నారు. నేను అడిగాను, ఈ కొలను ఫోటో చూసి ఈ ఇల్లు ఎవరిదో చెప్పగలం. ఇందులో ఎవరు బతికారో చెప్పగలమా? అని. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున ఆవిడే ఆ మెట్ల దగ్గరికి వెళ్లి చూసొచ్చారు. వచ్చి, "ఆ ఎండ అక్కడ పది నిమిషాలు కూడా నిలవడం లేదండీ" అన్నారు. తీసినమ్మాయి మూడు పొద్దులు వెళ్లింది. మొదటి రోజు ఎండ పడుతుందని కనిపెట్టింది, రెండో రోజు మబ్బు పట్టింది, మూడో రోజు తీసింది. తేదీ, వేళ, ఎటు తిరిగి తీసిందీ, అన్నీ ఫైలుతో పాటు రాసి పంపింది. ఇంతమందిలో అలా రాసి పంపినవాళ్లు బహుకొద్దిమంది.

రాయడం బరువా మీకు? 2010లో నెదర్లాండ్స్‌లో వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అని చారిత్రక కట్టడాల ఫోటో పోటీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికే ఐరోపా అంతటినుంచి 1,68,208 ఫోటోలు వచ్చి గిన్నిస్ రికార్డయింది. అక్కడ ప్రతి ఫోటోకీ అది ఏ కట్టడమో గుర్తించి రాయాలి. రాయకపోతే అన్ని లక్షల్లో ఎవరి గోడ ఎవరిదో ఎవరు చెబుతారు? నాలుగు మాటలు రాయండి. కెమెరా తనంతట తాను పెట్టే ఐఎంజీ అంకెలనే పేరుగా పెట్టి పంపకండి, మీకు దణ్ణం పెడతాను.

ఇంకొక్క సంగతి చెప్పి దిగుతాను. టీ ఇస్తున్నారనుకుంటా, వాసన వస్తోంది.

ఈ పొద్దున గెలిచిన ఫోటోలు గోడకి తగిలిస్తున్నప్పుడు ఇక్కడ పనిచేసే పెద్దాయన ఒకరు మెట్ల ఫోటో ముందు ఆగారు. వాళ్ల నాన్నగారి కాలంనుంచీ ఇక్కడే ఉన్నారట. నేను గొప్పగా, "చూశారా, ఎన్ని చేతులు తగిలి ఆ గోడ నల్లబడిందో" అన్నాను. ఆయన నన్ను చూసి నవ్వారు. "చేతులు కాదండీ, ఎత్తు చూడండి. అది భుజం. నీళ్ల బిందెలు, పళ్లేలు పట్టుకుని ఎక్కేవాళ్లకి గోడ పట్టుకోవడానికి చెయ్యి ఎక్కడ ఖాళీగా ఉంటుంది? భుజం ఆనించుకుంటూ ఎక్కేవాళ్లం" అన్నారు.

ఎక్కేవాళ్లం, అన్నారు. మేం ముగ్గురం వాదించుకున్నాం, ఆ అమ్మాయి మూడు పొద్దులు కూర్చుంది, మాలో ఎవరికీ అది తట్టలేదు. ఫోటోలో మాత్రం ఉంది. ఆయన కుడి చెయ్యెత్తి, లేని పళ్లెం పట్టుకుని, ఎడమ భుజం ఆ ఫోటోకి ఆనించి చూపించారు. ఆ చార సరిగ్గా అక్కడికే వచ్చింది. పెన్సిలు తెప్పించి ఆయన చెప్పిన మాట ఆ ఫోటో వెనక రాశాను. వెళ్లేటప్పుడు చూడండి, ఎడమ వైపు మూడోది.